ఒకే చేతిరాతలో నలభైమంది

పోయిన వారం మిమ్మల్ని యోగానంద సారు గది గుమ్మంలో నిలబెట్టేసి నేను హాస్టలుకు పోయి ముసుగుతన్ని పడుకున్నాను. తప్పే. అప్పుడు నాకు మాట్లాడే ఓపిక లేదు. ఈ వారమే మొదటిసారి చదువుతున్నవాళ్ల కోసం జరిగింది చెప్పుకొస్తాను, పాతవాళ్లు ఈలోగా కాఫీ కలుపుకోండి.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. పలమనేరు పక్కన పాడి ఆవులూ టమేటా తోటలూ ఉన్న ఇంటి నుంచి తిరుపతికి వచ్చి జర్నలిజం డిప్లొమా చదువుతున్నాను. చివర్లో మాకు ప్రాజెక్టు పెట్టారు. లేని పత్రికను ఒకదాన్ని ఊహించుకుని, దానికి పేరు పెట్టి, అట్ట నుంచి అట్ట దాకా డిజైన్ చేసి నమూనా ప్రతి చూపించాలి. క్లాసులో తక్కినవాళ్లు భక్తి, వంటలు, వ్యవసాయం పంచుకున్నారు. నేనూ నా జోడీ జెస్సీ రాక్ సంగీతం పిచ్చివాళ్లకు పత్రిక అన్నాం. పేరు 'హోరు'.

మా గైడు యోగానంద సారు రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడే మనిషి. "ఈ జిల్లాలో రాక్ సంగీతం వినేవాళ్లెవరమ్మా ధరణీ? పాఠకుడు లేని పత్రిక పెళ్లికొడుకు లేని పందిరి. నలభైమందిని చూపించండి" అన్నారు. చూపించాం. నగరి బస్టాండు దగ్గర క్యాసెట్ల అంగడి నడిపే మునిరత్నానికి అభిప్రాయ పత్రాలు ఇస్తే, రెండు వారాల్లో నలభై నింపించి బస్సు కండక్టరు చేత పంపాడు.

ఆ జవాబులు చదివితే మతిపోయింది. మీకిష్టమైన బృందం ఏది అంటే ఒకరు 'కాలే కుర్చీ' అన్నారు, ఇంకొకరు 'ఒంటికన్ను పిల్లి' అన్నారు. జెస్సీ బెంగుళూరులో ఉన్న వాళ్ల పిన్ని కొడుక్కి ఫోన్ చేస్తే అలాంటి బృందాలు భూమ్మీద లేవన్నాడు. ఆ పాట ఎందుకు నచ్చింది అంటే 'ఈ పాటకు పోగు తెగదు' అని పదకొండుమంది రాశారు. 'నాకు వినపడదు, బల్ల మీద చెయ్యి పెడితే తెలుస్తుంది' అని ఒకరు రాశారు. ఎవరో వేళాకోళం చేస్తున్నారనుకుని ఆ కాగితం మీద నేను ఇంటూ గుర్తు పెట్టాను. రాక్ సంగీతం మీకు మొదట ఎవరి ద్వారా తెలిసింది అన్న ఐదో ప్రశ్నకైతే నలభైమందిదీ ఒకటే జవాబు. 'అక్క'.

శుక్రవారం సారు మొదటి కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు తలెత్తలేదు. తర్వాత మిగతావి గబగబా తిప్పారు. "ఇవన్నీ ఒకే చెయ్యి రాసింది" అన్నారు. జవాబుల వింతలో పడి మేము చేతిరాత గమనించనే లేదు. కట్ట నా వైపు తోసేసి, లేచి కిటికీ వైపు తిరిగారు. "సోమవారం బయటి నుంచి పరీక్షకులు వస్తున్నారు. ఈ నలభైమందిలో ఒక్క మనిషిని తెచ్చి నా ముందు నిలబెట్టు. లేకపోతే ప్రాజెక్టు వాపసు తీసుకుని వచ్చే ఏడాది రా."

వచ్చే ఏడాది అనేది నాకు లేదు. "ఒక్క ఏడాదే పాపా. అది దాటితే నువ్వు నా మాట ఇనాల" అని చెప్పి మా నాయన నన్ను తిరుపతి బస్సు ఎక్కించాడు. నాయన మాట ఇనడం అంటే ఏమిటో, అందులో మేనత్త కొడుకు వాటా ఎంతో మూడో భాగంలోనే చెప్పాను.

శనివారం పొద్దున్నే ఇద్దరం నగరి బస్సు పట్టాం. జెస్సీ తిరుపతి పిల్ల. వాళ్ల నాయన పాల్, చర్చిలో గిటారు వాయిస్తాడు, ఆయన దగ్గరే నేర్చుకుని ఆయనకే చెవులు చిల్లులు పడేలా వాయిస్తుంది. నేను కిటికీకి తల ఆనించి ఉసూరుమంటుంటే పుత్తూరు దగ్గర మోచేత్తో పొడిచింది.

"ఎముకలు ఇరిగితే కట్టు కట్టేది ఈడే గదా. దిగి మన ప్రాజెక్టుకు గూడా ఒక కట్టు కట్టించుకుందామా?"

"నాకు నవ్వు రాదు జెస్సీ."

"నవ్వొద్దులే. కానీ ఆలోచించు. దొంగ కాగితాలు రాసేవాడు నమ్మేటట్టు రాస్తాడు గదా? కాలే కుర్చీ అని యాల రాస్తాడు?"

ఆ మాట నిజమే. రాత్రంతా ఏడ్చాను గానీ ఆ ప్రశ్న నాకు తట్టలేదు. అబద్ధం ఆడదలచినవాడు ఏ పేపర్లోనో చూసి నాలుగు పేర్లు ఎక్కిస్తాడు. ఒంటికన్ను పిల్లిని ఎక్కడి నుంచి పట్టుకొస్తాడు? భయం భయంగానే ఉన్నా, ఆ పిల్లి ఎవరో చూడాలని మాత్రం మనసు లాగింది.

మునిరత్నం మమ్మల్ని చూడగానే టీ చెప్పాడు. అంటే తప్పు చేశాడన్నమాట. అతను మద్రాసు పేవ్‌మెంట్ల మీద పాత ఇంగ్లీషు క్యాసెట్లు గోతాంలెక్కన కొనుక్కొచ్చి నగరిలో అమ్ముతాడు.

"కాగితాలు మీరే రాసినారా అన్నా?" అన్నాను.

"నేనా? నా సంతకమే నాకు సరిగ్గా రాదమ్మా. షెడ్డులో ఇచ్చినా, రాసిచ్చినారు, పంపించినా."

"ఏం షెడ్డు?"

"మగ్గాల షెడ్డు. ఇంగెవురు కొంటారు నా దగ్గిర ఈ క్యాసెట్లు?"

జెస్సీ టీ గ్లాసు కింద పెట్టేసింది. కాలేజీ కుర్రాళ్లు, మోటారు సైకిళ్లు, నల్ల బనియన్లు అని మేము ఊహించుకున్న నలభైమంది ఆ ఒక్క మాటతో గాల్లో కలిసిపోయారు.

రెండు వీధులు దాటకముందే మోత మొదలైంది. నగరిలో ఆ మోత కొత్తేం కాదు, ఊరంతా మరమగ్గాలే. కానీ రేకుల షెడ్డు తలుపు తీసుకుని లోపలికి పోతే అది వినపడే సంగతి కాదు, ఒంటికి తగిలే సంగతి. ఇరవై మగ్గాలు ఒకేసారి కొడుతున్నాయి. గాల్లో దూది నుసి. లుంగీ గుడ్డ గళ్లు గళ్లుగా కిందికి దిగుతోంది. నేను జెస్సీ చెవిలో నోరు పెట్టి అరిచినా దానికి వినపడలేదు.

అక్కడివాళ్లు మాత్రం హాయిగా మాట్లాడుకుంటున్నారు. ఈ చివర ఒక మనిషి పెదాలు కదిపితే ఆ చివర ఇంకో మనిషి నవ్వుతున్నాడు. గొంతుతో పనే లేదు, పెదాలు చూస్తే చాలు. మధ్యలో చేత్తో ఏదో సైగ, తలతో ఇంకో సైగ.

దూలానికి వేలాడదీసిన టేప్ రికార్డర్ అప్పుడు కనిపించింది. నుసి పడకుండా పాలిథిన్ సంచి కట్టారు. అది ఏదో పాడుతోంది. గొంతు వినపడదు, మాట వినపడదు. డ్రమ్ము వినపడుతోంది. దాని పైన ఎలక్ట్రిక్ గిటారు మోతను కోసుకుంటూ వస్తోంది. జెస్సీ నోరు తెరిచి నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. ఆ మోతలో సన్నాయి పెడితే చచ్చిపోతుంది, వీణ సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడ బతికి బయటపడే సంగీతం ఇదొక్కటే. నమూనా ప్రతి కోసం నేను రాసిన సంపాదకీయంలో రాక్ అంటే తిరుగుబాటు అని మూడు చోట్ల రాశాను. ఎవరి మీద తిరుగుబాటో చెప్పలేదు, నాకే తెలియదు.

మునిరత్నం వేలు పెట్టి చూపించిన వైపు, కండెలకు నూలు చుట్టే యంత్రం ముందు ఒకామె కూర్చుని ఉంది. నలభై అయిదేళ్లుంటాయి. తలకు తువ్వాలు, చెవుల్లో దూది. మునిరత్నం ఆమెతో పెదాలాడించాడు. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి, గోడ గడియారం చూపించి, వేళ్లతో పదకొండు అని లెక్క చెప్పింది.

పదకొండుకు కరెంటు పోయింది. రోజూ పోతుందట, ఒంటిగంటకు వస్తుందట. మగ్గాలు ఒకటొకటిగా ఆగిపోతుంటే నాకు తల తిరిగినట్టయింది. ఆ నిశ్శబ్దంలో కూడా అందరూ అలవాటుగా అరిచే మాట్లాడుతున్నారు.

"నేనే పంకజాక్షిని!" అని ఆమె అరిచింది. తర్వాత చెవుల్లో దూది తీసి గొంతు తగ్గించింది. "కాగితాలు రాసింది నేనే. ఏం, తప్పా?"

దారి పొడుగునా కూడబెట్టుకున్న ధైర్యం అప్పుడు పనికొచ్చింది. "తప్పే గదక్కా. నలభైమంది రాయాల్సింది నువ్వొక్కదానివే రాసేస్తే ఎట్ల? మా సారు చూస్తానే కనిపెట్టినాడు. నా ఏడాది చదువు పొయ్యేటట్టు ఉండాది."

"ఎవురు రాస్తారు మల్ల? ఈడ సదువొచ్చినోళ్లకు తమిళం వస్తాది, రానోళ్లకు ఏదీ రాదు. మీరు తెలుగు కాగితాలు పంపిస్తిరి. తెలుగు రాసేది ఈ షెడ్డులో నేనొక్కదాన్నే. వాళ్లు చెప్పినారు, నేను రాసినా."

"ఇంత మోతలో చెప్పినారా?"

"మోతలోనే. పెదాలు సూసి రాసినా. పని ఆపి రాసేదానికి ఓనరు ఒప్పుకుంటాడా?"

నేను నమ్మలేదు. నమ్మనని నా ముఖమే చెప్పి ఉంటుంది. ఆమె జెస్సీ చేతిలోని కట్ట లాక్కోలేదు. జెస్సీ వైపు తిరిగి, "పాపా, కాగితాలు నీ దగ్గిరే పెట్టుకో. పేరు పిలువు. వాళ్లనే అడుగు. ఒక్క జవాబు తప్పు వొచ్చినా అన్నీ చించేసి పో" అంది.

పగటి షిఫ్టు వాళ్లు మా చుట్టూ చేరారు. జెస్సీ కట్ట విప్పి మొదటి పేరు పిలిచింది. "మునెయ్య."

తల నెరిసిన ఒకాయన నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "నీకిష్టమైన బృందమేంది తాతా?"

"బృందమా? అదేందమ్మా?"

పంకజాక్షి అందుకుని, "ఏ క్యాసెట్టు అని అడుగుతా ఉండాది" అంది.

"అట్ల చెప్పండబ్బా. కాలే కుర్చీ."

మునిరత్నం పరుగెత్తి టేప్ రికార్డర్ పక్క పెట్టెలోంచి ఒక క్యాసెట్ తెచ్చి చూపించాడు. అట్ట మీద మంటల్లో కాలుతున్న కుర్చీ బొమ్మ. కింద ఇంగ్లీషులో బృందం పేరు ఉండనే ఉంది, చదివేవాళ్లు లేరంతే. ఒంటికన్ను పిల్లీ ఆ పెట్టెలోనే ఉంది, రెక్కల చేపా ఉంది, పుర్రె అయితే మూడు రకాలున్నాయి. పెద్ద పుర్రె, చిన్న పుర్రె, నవ్వే పుర్రె. మేము బెంగుళూరు దాకా వెతికించిన పేర్లన్నీ చెప్పుల పెట్టెలో వరసగా కూర్చుని ఉన్నాయి.

"అది యాల ఇష్టం?" అంది జెస్సీ. దాని గొంతు మారిపోయింది. పరీక్ష పెట్టేదానిలా లేదు, కథ వినేదానిలా ఉంది.

"నా మగ్గం కొట్టే దెబ్బా, ఆ పాటలో డోలు కొట్టే దెబ్బా సరిగ్గా కూసుంటాయి. చెయ్యి దానంతట అది పోతాది. పోగు తెగదు. నవ్వే పుర్రె పెడితే నా మగ్గానికి సరిపోదు, అది ఆ ఆరో నంబరోడికి."

కాగితంలో అక్షరం పొల్లు పోకుండా అదే ఉంది. రెండో పేరు, మూడో పేరు. ఆరో నంబరు మగ్గం మనిషి వచ్చి నవ్వే పుర్రె గురించి మునెయ్యతో పోట్లాటకు దిగాడు. ఎవరి పాట ముందు పెట్టాలో వాళ్లకు వారాలు ఉన్నాయట. సోమ, గురువారాలు కాలే కుర్చీ. పద్దెనిమిదిమందిని అడిగింది జెస్సీ. ఒక్కటీ తప్పు పోలేదు.

పంతొమ్మిదో కాగితం మీద నా ఇంటూ గుర్తు ఉంది. "తాయమ్మ" అని జెస్సీ పిలిచింది. ఎవరూ రాలేదు. మళ్లీ గట్టిగా పిలిచింది. గుంపు వెనక ఒక ముసలామె మాతో పాటు తనూ తాయమ్మ కోసం ఎదురు చూస్తున్నట్టు నిలబడి ఉంది. పంకజాక్షి పోయి భుజం తట్టి పెదాలాడించింది. ఆమె నవ్వి, కండెల బల్ల మీద అరచెయ్యి బోర్లించి, కళ్లు మూసి, తల ఆడించి చూపించింది.

"ముప్పై ఏండ్లు మగ్గాల మధ్య ఉండి చెవులు పొయినాయి. టేపు తెచ్చి బల్ల మీద పెడితే చెయ్యి పెట్టి ఇంటాది" అంది పంకజాక్షి.

నాకు సిగ్గేసింది. పేనాతో ఆ ఇంటూ గుర్తు మీద గీతలు గీశాను, అది ఇంకా అసహ్యంగా తయారైంది. తాయమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, ఏం ఫర్వాలేదన్నట్టు చూసింది. ఆమెకు ఆ గుర్తు ఏమిటో కూడా తెలియదు.

"ఐదో ప్రశ్నకు అందరూ అక్క అని రాయించినారు. ఆ అక్క ఎవురు?" అన్నాను మాట మార్చడానికి.

షెడ్డంతా నవ్వింది. "నేనే లే" అంది పంకజాక్షి. "అందురూ నన్ను అక్కా అనే పిలుస్తారు. ఈ షెడ్డులో మొదట ఈ పాటలు పెట్టింది నేనే. సరే, మమ్మల్ని పరీక్ష చేసినారు గదా. ఇప్పుడు మీ పుస్తకం తియ్యండి."

'హోరు' నమూనా ప్రతిని నేను గుడ్డలో చుట్టి తెచ్చుకున్నాను. డీటీపీ సెంటరులో మూడు వారాలు పడిగాపులు కాసి చేయించిన పదహారు పేజీలు. నల్లటి పేజీల మీద తెల్ల అక్షరాలు, పాత విదేశీ పత్రికల్లోంచి కత్తిరించిన జులపాల మనుషులు. గర్వంగానే చేతికిచ్చాను. ఆమె ఒళ్లో పెట్టుకుని పేజీ తర్వాత పేజీ తిప్పింది. అయిదు నిమిషాల్లో నల్ల పేజీలన్నీ దూది నుసి పట్టి తెల్లబడ్డాయి. సన్నటి అక్షరాలను వెలుతురు వైపు పెట్టి చదవబోయి వదిలేసింది.

"బాగుండాది. ఇది ఎవురికి?"

"రాక్ పాటలు ఇనేవాళ్లకక్కా."

"అంటే మాకేనా?"

మునెయ్య వెనక నుంచి తొంగిచూసి, "కాలే కుర్చీ ఉండాదా అమ్మా ఇందులో?" అని అడిగాడు. లేదు. కాలే కుర్చీ లేదు, మగ్గం లేదు, తమిళం అక్షరం ఒక్కటీ లేదు, తాయమ్మ చెయ్యి లేదు. సారు అడిగారు కాబట్టి నలభైమంది జవాబులు పోగు చేశాను తప్ప, ఆ నలభైమంది ఈ పుస్తకం తెరుస్తారని నేను ఏనాడూ అనుకోలేదు. పాఠకుడు లేని పత్రిక అని సారు అన్నది నిజం. పాఠకులు ఉన్నారు, పత్రికే వాళ్లది కాదు. ఆ మాట పైకే అనేశాను, కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాను.

"ఏడుస్తావేందే, రెండు దినాలుండాయి గదా" అంది జెస్సీ. "ఈ పెట్టెలో బొమ్మలన్నీ తీసుకుందాం. ఏ మగ్గానికి ఏ పాటో రాద్దాం. పెద్దక్షరాలు. తెల్ల కాగితం. తమిళం రాసిచ్చే మనిషిని మునిరత్నమన్న చూస్తాడు."

"చూస్తాలే" అన్నాడు మునిరత్నం, తప్పు దిద్దుకునే అవకాశం దొరికినందుకు సంబరంగా.

"అక్కా, సోమవారం మాతో తిరుపతికి రావల్ల. మా సారు ఒక్క పాఠకుణ్ణి చూపించమన్నాడు. నువ్వొస్తే నా ప్రాజెక్టు నిలబడతాది" అన్నాను.

పంకజాక్షి ఆలోచించింది. "రావొచ్చు. కానీ నేను పాఠకురాల్ని యాడయినా? అందురివీ రాసినా గానీ నాది రాయలేదు. ఒక కాగితం ఇయ్యి."

జెస్సీ సంచిలోంచి ఖాళీ పత్రం తీసిచ్చింది. ఆమె బల్ల మీద పెట్టుకుని గుండ్రటి అక్షరాలతో తీరిగ్గా రాయసాగింది. నేను భుజం మీదుగా చదువుతున్నాను. పేరు, పంకజాక్షి. పని, కండెలు చుట్టడం. ఇష్టమైనది, రెక్కల చేప. ఎందుకు ఇష్టం, టేపు తొమ్మిది చోట్ల తెగితే తొమ్మిదిసార్లు అతికించాను కాబట్టి. ఐదో ప్రశ్న, ఎవరి ద్వారా తెలిసింది. 'మా తమ్ముడు యోగానంద.'

"ఇదేందక్కా, మా సారు పేరు గూడా యోగానందే" అని నవ్వాను.

ఆమె పేనా ఆగింది. "ఏ ఊరు మీ సారుది?"

"ఎప్పుడూ చెప్పలేదు."

"వయసు?"

"నలభై లోపలే."

"ఎడం చేతి బొటనవేలు గోరు..." అని ఆగి, తన వేలు చూపించింది. "నల్లంగా, వంకరగా ఉంటాదా?"

ఉంటుంది. మొదటి రోజే క్లాసులో ఎవరో అడిగితే చిన్నప్పుడు తలుపులో పడి నలిగిందన్నారు. నేను తల ఊపాను.

"తలుపు కాదు. ఆ నాలుగో నంబరు మగ్గం" అంది పంకజాక్షి. ఆ మగ్గం మునెయ్యదే. అతను తల దించుకుని అక్కడి నుంచి పక్కకు తప్పుకున్నాడు.

తర్వాత ఆమె చెప్పినదంతా మామూలు గొంతుతోనే చెప్పింది. తల్లి పోయేనాటికి ఆమెకు పద్నాలుగు, తమ్ముడికి ఏడు. ఎనిమిదో తరగతి మానేసి మగ్గాలకొచ్చింది. సాయంత్రాలు వాడి చెయ్యి పట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించింది. మద్రాసులో కాలేజీకి పంపింది. మొదటి సెలవులకు వచ్చినప్పుడు వాడు ఒక పాత టేప్ రికార్డరూ ఒక క్యాసెట్టూ తెచ్చాడు. రెక్కల చేప. 'అక్కా, నీకు మోతలో ఏ పాటా ఇనపడదు గదా, ఇది ఇనపడతాది సూడు' అన్నాడట. ఈ షెడ్డులో రాక్ సంగీతం అలా మొదలైంది. తర్వాత తిరుపతిలో ఉద్యోగం, పెళ్లి. పెళ్లివాళ్లకు మగ్గం నేసిన నాయనను బడిపంతులని చెప్పాడట. పదకొండేళ్లుగా రాలేదు.

"మా ఊరి మాట గూడా మర్చిపొయినాడా?" అని అడిగింది.

"రేడియోలో మాదిరి మాట్లాడతాడు" అంది జెస్సీ.

"అన్నీ ఒకే చెయ్యి అని కనిపెట్టినాడు, ఎవురి చెయ్యో చెప్పలేదు గదా?" అంది పంకజాక్షి.

మొదటి కాగితం పట్టుకుని ఆయన తలెత్తకుండా కూర్చున్న ఆ కొన్ని నిమిషాలు నాకు గుర్తుకొచ్చాయి. కోపమని అనుకున్నాను నేను. ఆయన చదివింది జవాబులను కాదు. ఒక్క మనిషిని తెచ్చి నిలబెట్టమన్నప్పుడు ఎవరూ రారని అనుకున్నారో, ఎవరైనా రావాలని అనుకున్నారో నాకు తెలియలేదు. తెలిసిందల్లా ఒకటే. నా మార్కులు వేసేది ఆయన.

సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు నాకు పంకజాక్షి మీద జాలి కన్నా నా గురించి భయమే ఎక్కువ కలిగింది. "నువ్వొద్దులే అక్కా, పనికి ఇబ్బంది. మునెయ్య తాతను పంపించు, ఒక్క మనిషి చాలు" అన్నాను.

జెస్సీ నన్ను చీదరగా చూసింది. పంకజాక్షికి మాత్రం కోపం రాలేదు.

"పంపిస్తా. మీ బయటి సార్లు మునెయ్యను అడుగుతారు, ఈ కాగితం రాసిందెవురయ్యా అని. ఆయప్ప అబద్ధం చెప్పేరకం కాదు. పంకజాక్షి అంటాడు. ఆయమ్మ యాడ అంటారు. అప్పుడు మీ సారు ముఖం యాడ పెట్టుకుంటాడు? నేనే వస్తే ఆ ముఖం నేను సూసుకుంటా."

"ఆయన నువ్వెవురో తెలీదంటే?"

"తెలీదన్నా నేను నీ పుస్తకానికి పాఠకురాలినే గదా. నీ పని నిలబడతాది, బయపడొద్దు."

నేను పత్రం కోసం చెయ్యి చాపాను. నలభై ఒకటో కాగితం. అది ఫైల్లో ఉంటే ఇంక నన్ను ఎవరూ ఏమీ అనలేరు. ఆమె ఇవ్వలేదు. నాలుగు మడతలు పెట్టి రొండిలో దోపుకుంది.

"ఇది నీకు కాదు పాపా. వాడు అడిగితే ఇస్తా. అక్కా అని అడిగితేనే."

అప్పుడే కరెంటు వచ్చింది. ఒంటిగంట కాకముందే వచ్చింది. ఒకటో మగ్గం, రెండో మగ్గం, మిగతావి. నేను ఇంకా ఏదో అడుగుతున్నాను గానీ నా గొంతు నాకే వినపడలేదు. పంకజాక్షి చెవుల్లో దూది పెట్టుకుని, సోమవారం ఎన్నింటికి అని వేళ్లతో అడిగింది. నేను పది వేళ్లూ చూపించాను.